గోరంత ముఖాలు

మల్కాజ్‌గిరి నుంచి లోకల్ రైల్లో సికింద్రాబాద్ వచ్చి, గడియారస్తంభం వెనక సందులో మూడో అంతస్తు ఎక్కితే మా ఆఫీసు. ఎవరిని చూసినా సాఫ్ట్‌వేర్ ఉద్యోగమనే రోజులు. విజయనగరంలో మావాళ్లు నాకూ అదే వచ్చిందనుకున్నారు. నేను చేసింది బొమ్మలు చూడటం.

ఎక్కడో ఒక చలిదేశం. ఆ దేశపు వెబ్‌సైట్లన్నిటినీ అక్కడి గ్రంథాలయం ఒకటి దాచిపెడుతోంది. వాటిలోని బొమ్మల్ని ఒక ప్రోగ్రాం తనంతట తానే వేరుచేసేది: ఇది ఫొటో, ఇది గీసిన బొమ్మ, ఇందులో మనిషి ముఖం ఉంది, ఇది ఉత్త అలంకారం. అది చెప్పింది సరో కాదో చూసి మీట నొక్కడం మా పని. మధ్యాహ్నానికి కళ్లు మండేవి. సాయంత్రం రైల్లో ఎదుటివాళ్ల ముఖం చూడాలన్నా విసుగు పుట్టేది.

నా పక్క సీటాయన యాభై దాటిన మనిషి. బాబాయ్ అని పిలిచేదాన్ని. సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగి, ఒక ఫొటో స్టూడియోలో ఏళ్ల తరబడి నెగెటివ్‌ల మీద పెన్సిల్‌తో ముఖాలు దిద్దినవాడు. డిజిటల్ కెమెరాలొచ్చి స్టూడియో మూతపడితే, ఆ వయసులో కంప్యూటర్ నేర్చుకుని ఇక్కడ చేరాడు.

ఒకరోజు ఆయన తెర మీద వరసగా గోరంత ముఖాలు వచ్చాయి. అన్నిటికీ ప్రోగ్రాం ‘అలంకారం’ అనే పెట్టింది. మరీ చిన్న బొమ్మలైతే బాణం గుర్తులో గీతలో అయ్యుంటాయని దానికి నేర్పారు. అలంకారమన్నవాటిని తరవాత తీసిపారేస్తారు.

“గిటు సూడమ్మా. వీళ్లంత సచ్చిపోయినోళ్లు,” అన్నాడు.

“మీకెలా తెలుసు బాబాయ్?”

“ఈమె భుజం మీద ఇంకెవరిదో చెయ్యుంది సూడు. పెండ్లి ఫొటోలకెల్లి మొఖం ఒక్కటే కోసిన్రు. మా స్టూడియోకి సుత గిట్లనే తెచ్చేటోళ్లు. మనిషి పోయినంకనే, ఇంట్ల మంచి ఫొటో లేదని యాదికొస్తది.”

ఆ పేజీ తెరిచాను. భాష తెలియలేదు. ప్రతి ముఖం కిందా ఒక పేరు, రెండు సంవత్సరాలు, మధ్యలో చిన్న గీత. ఏదో పల్లె, పోయినవాళ్లను తలచుకుంటూ పెట్టుకున్న పేజీ.

మా టీమ్ లీడ్ నాకంటే చిన్నవాడు. “చిన్నవన్నీ అలంకారమేనన్న రూల్ క్లయింట్‌ది మేడమ్. మనకెందుకు తక్లీఫ్? కొట్టేసి ముందుకెళ్లండి,” అన్నాడు.

బాబాయ్ లేచి నిలబడ్డాడు. “సార్, ఒక్క మెయిల్ పెట్టుర్రి. వాళ్లు వద్దంటే ఇడిసిపెడ్తం.”

మెయిల్ నేనే రాశాను. రెండు వారాలకు జవాబొచ్చింది. కృతజ్ఞతలు చెప్పారు. ఇకమీదట చిన్న బొమ్మల్ని ఆ రూల్‌తో కొట్టెయ్యకుండా ఒక్కొక్కటీ మనుషులే చూసి తేల్చాలన్నారు, అయిపోయినవి కూడా మొదటినుంచీ. లీడ్ అది అందరికీ చదివి వినిపించాడు. కిటికీ దగ్గరమ్మాయి నావైపు తిరిగి, “అయిపోవచ్చిందనుకున్నాం కదక్కా,” అంది. ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇద్దర్నీ టీకి ఎవరూ పిలవలేదు.

నెలలు గడిచాయి. బాణాలు, జెండాలు, కవరు గుర్తులు, మళ్లీ బాణాలు. ఎప్పుడో ఒక ముఖం. బాబాయ్ కంటికి శుక్లం ముదిరి, డాక్టరు వద్దనడంతో మానేశాడు. ఆయన కుర్చీలోకి ఎవరో కొత్తమనిషి వచ్చింది.

ఒక మధ్యాహ్నం టోపీ పెట్టుకున్న ముసలాయన ముఖం వచ్చింది. చూశాను. చూస్తూనే, అలవాటైన చెయ్యి ‘అలంకారం’ మీట నొక్కేసింది. వెనక్కి వెళ్లే దారి ఆ ప్రోగ్రాంలో లేదు. లీడ్‌తో చెబితే, “ఒక్కటే కదా మేడమ్,” అన్నాడు. ఒక్కటే.

సాయంత్రం స్టేషన్ బయట నిలబడి బాబాయ్‌కి ఫోన్ చేశాను. టోపీ ముసలాయన సంగతి చెప్పాను.

“నేనెన్ని నెగెటివ్‌లు ఖరాబ్ చేసిన్నో నీకెరికేనా?” అన్నాడు. “పరేషాన్ గాకు. ఇంటికి పో బిడ్డా, ఇంత అన్నం తిని పండుకో.”

పని ఇంకా మిగిలే ఉంది. చలికాలం వచ్చాక పూర్తి చేశాం.