గాజుల అవ్వ ముడతలు

ఆ రోజుల్లో ఫొటో అంటే మనిషి ఉన్నట్టు కాదు, ఉండాలనుకున్నట్టు రావాలి. చార్మినార్ దగ్గరి ఒక స్టూడియోలో నాది టచింగ్ పని. నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో ముడతలు పూడ్చడం, బ్లేడు మొనతో గీకి తెల్ల వెంట్రుకల్ని నల్లగా చేయడం. నా చేతిలో పడ్డాక పాతబస్తీలో ముసలివాళ్లంటూ ఎవరూ మిగల్లేదు. (పెళ్లిచూపులకు పంపిన ఫొటోల వల్ల ఎన్ని ఇళ్లలో నన్ను తిట్టుకున్నారో నాకు తెలియదు.)

ఒక మధ్యాహ్నం సరదాకి, మా ఎదురుగా గాజులమ్మే అవ్వను ఫొటో తీసి, చిన్న ప్రింటు వేసి గోడకు తగిలించాను. బొంబాయిలో ఫొటోల గ్యాలరీ నడిపే ఒక ఆంధ్రా పెద్దమనిషి పని మీద వచ్చి, దాని ముందు పది నిమిషాలు కదలకుండా నిలబడ్డాడు. "దీన్ని పెద్ద సైజులో అయిదంటే అయిదే ప్రింట్లు వెయ్యి బాబూ. ప్రతిదాని కింద నంబరూ, నీ సంతకమూ ఉండాలి. కొనేవాళ్లున్నారు. వారంలో వస్తాను" అన్నాడు. మా ఉస్తాద్, అంటే స్టూడియో యజమాని, నమ్మలేదు. "ఎవరి అవ్వనో ఎవరు కొంటర్రా? సొంత అవ్వకే ఫ్రేమ్ కట్టిస్తలేరు!" అన్నాడు.

నాకు మాత్రం కాళ్లు నేల మీద నిలవలేదు. నా సంతకంతో బొంబాయి పోయే ఫొటో! ముడతలతో ఎలా పంపుతాను? మూడు రోజులు నెగెటివ్ మీద వంగి నుదుటి గీతలు పూడ్చాను, తెల్ల వెంట్రుకలు ఒక్కొక్కటీ గీకాను. జన్మలో మరే పనీ అంత శ్రద్ధగా చేయలేదు. అవ్వకు నలభై ఏళ్లు తగ్గాయి. అయిదు ప్రింట్లు వేసి సంతకాలు పెట్టాను. (సంతకం కూడా పాత కాగితాల మీద సాధన చేశాను.)

వారానికి ఆ పెద్దమనిషి వచ్చి అయిదూ తిరగేశాడు. "ముసలావిడ ఏదయ్యా?"

"గామెనే సార్. జర నీట్‌గ చేసిన."

"ఆ ముడతల కోసమే కదయ్యా మళ్లీ వచ్చింది!"

"పెన్సిల్ తుడ్చేస్త సార్."

"మరి జుట్టు?"

గీకిన నెగెటివ్ మళ్లీ అతుక్కోదు. గోడమీది చిన్న ప్రింటు ఇస్తానన్నాను, అది చాలదన్నాడు. కోప్పడినా బాగుండేది. భుజం తట్టి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

నా ముఖం చూసి అవ్వ రోడ్డు దాటి వచ్చింది. ఒక ప్రింటు ఎత్తి చాలాసేపు చూసింది. "ఓ బిడ్డా, గిది నేనే! మా ఆయన ఉన్నప్పుడు గిట్లనే ఉంటి. గప్పుడు మాకు ఫొటో యాడిది?" అని నవ్వుతూ దాన్ని గుండెకు హత్తుకుంది. ఒకటి దుకాణానికి, నాలుగు నలుగురు కూతుళ్లకు. నా అయిదు ప్రింట్లూ ఒక్క పూటలో చెల్లిపోయాయి. బదులుగా మా అమ్మకు డజను గాజులు ఇచ్చింది.

ఆ చిన్న ప్రింటు ఇంకా నా బీరువాలో ఉంది. బొంబాయి ఆయన అంతసేపు ఎందుకు నిలబడ్డాడో నేనూ ఆ అవ్వ వయసుకొచ్చాక అర్థమైంది. అయినా ఆమె నవ్వు గుర్తొస్తే, మళ్లీ అదే తప్పు చేస్తాననిపిస్తుంది. మొన్న మనవరాలు ఫోన్‌లో నా ఫొటో తీసి, "తాతా, ముడతలు తీసెయ్యనా?" అంది.

"ఉండనియ్ బిడ్డా, గవ్వే అసలు అందం" అన్నాను, అంతా తెలిసినవాడిలా. ఫోన్ తీసుకుని ఇంకోసారి చూసుకుని, "జుట్టు మాత్రం జర నల్లగ చెయ్" అన్నాను.