ఆమెకు చెప్పిన యుద్ధం

మా వారు బర్మా సరిహద్దు నుంచి తిరిగి వచ్చిన రోజు మొదట అడిగింది వేడినీళ్లు. స్నానం చేశారు, అన్నం తిన్నారు, రెండు రోజులు నిద్రపోయారు. మూడో రోజు పక్కన కూర్చుని, "ఆడ ఎట్లా ఉన్నింది?" అని అడిగాను. "వాన," అన్నారు. ఆ తరవాత ఏడేళ్లపాటు ఆ యుద్ధం గురించి నాకు దక్కింది ఆ ఒక్క మాటే.

అప్పుడు మేము వాషర్‌మెన్‌పేటలో ఉండేవాళ్లం. సైన్యంలో లారీ తోలిన మనిషి, తిరిగి వచ్చాక ఒక మిల్లులో లారీ తోలేవారు. ఆదివారాలు మాత్రం మాజీ సైనికుల సంఘానివి. బోర్డు మీద పేరు అలా ఉన్నా పేటలో అందరూ దాన్ని పటాలం సంగం అనేవారు. కట్టెల అడితీ వెనక పొడుగాటి రేకుల షెడ్డు అది. మధ్యలో తడిక కట్టి రెండు చేశారు. ఒకవైపు మగవాళ్లు కాళ్లు పోయిన తమ వాళ్ల కోసం చంక కర్రలు చేసేవారు. ఇంకోవైపు మేము ఆడవాళ్లం, ఇంకా ఆస్పత్రిలోనే పడి ఉన్న సైనికుల కోసం చొక్కాలు, దిండు గలీబులు కుట్టేవాళ్లం. నాకు పెళ్లికి ముందే మిషను కుట్టడం వచ్చు కాబట్టి ఆ వైపు పెత్తనం నాకు అప్పజెప్పారు. పది పన్నెండు మంది ఆడవాళ్లు నా మాట వినేవారు. నాకది బాగుండేది.

ఒక ఆదివారం పొద్దున ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్లు ఉంటాయేమో. తిరువొత్తియూరు నుంచి రైల్లో వచ్చానంది. చేతిలో గుడ్డలో చుట్టిన ఫోటో. అందులో యూనిఫారం వేసుకున్న ఒక కుర్రవాడు. భర్త పోయాడని సర్కారు నుంచి అప్పట్లో ఒక కాగితం వచ్చిందట, అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదట. తడిక దగ్గర నిలబడి, మగవాళ్లలో ఒక్కొక్కరికీ ఆ ఫోటో చూపించి, "ఈయన్ని చూసినారా అన్నా?" అని అడిగింది. అందరూ చూశారు, తల అడ్డంగా ఊపారు. మా వారి దగ్గరికి వచ్చింది. ఆయన చిత్రిక పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఫోటో తీసుకుని చాలాసేపు చూశారు.

"చూసినాను," అన్నారు.

నేను మిషను ఆపేశాను.

"ఎట్లా ఉన్నాడన్నా?"

"కూర్చోమ్మా. చెప్తాను."

ఆమె బల్ల ముందు కూర్చుంది. ఆయన చెప్పారు. నాకు వినపడింది కొంచెమే. ఒకసారి ఆమె నవ్వింది. తరవాత ఏడ్చింది. ఏడేళ్లుగా నోరు విప్పని మనిషి దాదాపు గంటసేపు మాట్లాడారు.

మళ్లీ ఆదివారం ఆమె వచ్చింది. ఆ పై ఆదివారమూ వచ్చింది. ప్రతిసారీ చెక్కపొట్టు నిండిన ఆ బల్లకు అటు ఆయన, ఇటు ఆమె. "అన్నా" అని పిలిచేది. ఆయన "అమ్మా" అనేవారు. వాళ్లను చూసి ఎవరూ తప్పుగా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. కానీ ఆ పిలుపుల వల్ల నాకు ఊరట కలగలేదు. నేను అడిగి అడిగి మానేసిన దాన్ని ఆమె అడిగిన మొదటి రోజే పొందింది. మిషను తొక్కుతుంటే వాళ్ల మాటలు వినపడవు. తొక్కడం ఆపితే పక్కవాళ్లు నావైపు చూస్తారు. దారం తెగినట్టు నటించి, సూదిలోకి ఎక్కిస్తూ, చెవి అటు వేసేదాన్ని. "ఆ రోజు వాగు పొంగి..." అని వినపడేది. వాగు ఏమైందో వినేలోగా ఎవరో వచ్చి నన్ను గుండీలు అడిగేవారు.

నా పక్కన కాజాలు కుట్టే ఆవిడ ఒకరోజు అంది, "పావం, చిన్న వయసు. మీ ఆయన చెప్తా ఉంటే ఆ పిల్ల మొకానికి ప్రాణం వస్తా ఉంది, చూడక్కా."

నేను చూస్తూనే ఉన్నాను.

ఆమెను మా వైపుకు తెచ్చింది నేనే. ఊరికే కూర్చునే బదులు కుట్టు నేర్చుకోమన్నాను. అందరూ మంచి పని చేశానన్నారు. నా ఉద్దేశం ఆమెను బల్ల ముందు నుంచి లేపడం. ఆమె చెయ్యి చక్కనిది, రెండు వారాల్లోనే గలీబు తిన్నగా కుట్టేసింది. నేను దాన్ని వెలుతురులో పట్టి చూసి, "వంకర పోయింది. విప్పు," అన్నాను. విప్పి కుట్టింది. మళ్లీ విప్పమన్నాను. మూడోసారి విప్పేటప్పటికి గుడ్డ అంచు పోగులు లేచిపోయింది. "మీరు చెప్తే సరేక్కా," అంటూ తల వంచుకుని విప్పుతూనే ఉంది. కుట్టు తిన్నగానే ఉందని ఆ గదిలో అందరికీ తెలుసు. అయినా మధ్యాహ్నం పని అయ్యాక ఆమె వెళ్లి ఆ బల్ల ముందే కూర్చుంది.

ఇంట్లో ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ అడిగాను. "ఆ పిల్లకి ఏం చెప్తారు అన్నిసేపు?"

"వాళ్లాయన సంగతులే."

"నాకూ చెప్పండి."

"ఆయనెవురో నీకు తెలీదే. నీకెందుకు?"

"అయితే మీ సంగతులు చెప్పండి."

"నావేముండాయి? లారీ తోలినాను," అని చొక్కా తీసుకుని వెళ్లిపోయారు.

ఆ ఏటి వానల్లో ఆమె రెండు ఆదివారాలు రాలేదు. ఆయన మాటిమాటికీ వీధి గేటు వైపు చూస్తూ, చిత్రిక ఎక్కువ పట్టేసి, మంచి టేకు కర్ర ఒకటి పాడుచేశారు. అది చూశాక నేను ఉండబట్టలేకపోయాను. కుట్టాల్సిన గుడ్డ ఇచ్చి వస్తానని సంఘంలో చెప్పి, వారం మధ్యలో ఒక రోజు మూట పట్టుకుని తిరువొత్తియూరు రైలెక్కాను. ఆ పొద్దున ఆయన పనికని చెప్పి మామూలుగానే బయలుదేరారు.

ఫ్యాక్టరీ వెనక లైను ఇళ్లు. అడుగుతూ వెళ్తే మూడో ఇల్లు చూపించారు. గుమ్మం బయట మగవాడి తోలు చెప్పులు ఒక జత, ముందుకు తిప్పి, ఒద్దికగా పెట్టి ఉన్నాయి.

మూటతో అక్కడే నిలబడిపోయాను. ఎవరూ తప్పుగా అనుకోలేదని ఇంతకు ముందు రాశాను. ఆ క్షణంలో నేను అనుకున్నాను. ఆ చెప్పుల అరుగుదల చూశాను, పట్టీ చూశాను. పదేళ్లకు పైగా కాపురం చేసిన మనిషి చెప్పులు అవునో కాదో తేల్చుకోలేనంతగా నా కళ్లు మసకబారాయి.

తలుపు తీసుకుని ఆమే వచ్చింది. జ్వరంతో మొహం పీక్కుపోయి, దుప్పటి కప్పుకుని ఉంది. "అక్కా, మీరా. లోపలికి రాండి." లోపల అత్తగారు చాప మీద నిద్రపోతోంది. ఇంకెవరూ లేరు.

"ఆ చెప్పులు ఎవరివి?" అని కూర్చోకముందే అడిగాను.

ఆమె సిగ్గుపడింది. "మా ఆయనవే అక్కా. పెట్టెలో దాచిపెట్టినాను ఇన్నాళ్లూ. అన్న చెప్పినాక బయట పెడతా ఉండాను. పటాలంలో ఉన్నప్పుడు మా ఆయన నా జాబు అందరికీ చదివి వినిపించేవాడంట. పొద్దుగూకితే మీ చెప్పులు గుమ్మంలో పెడతాను, ఇంట్లో మగోడు ఉండాడని దొంగలు అనుకుంటారు అని రాసినానంట నేను. ఆ జాబు టోపీలో పెట్టుకుని తిరిగినాడంట."

"నువ్వు రాసినావా అట్లా?"

"నాకు రాయను రాదు గదా అక్కా. ఈడ ఒక పంతులుగారు రాసిపెట్టేవారు. ఆయనే సొంతంగా కలిపి రాసినాడేమో. నేను ఎప్పుడూ పెట్టలేదు చెప్పులు. ఇప్పుడు పెడతా ఉండాను."

ఆ జాబు రాసింది నేను. యుద్ధంలో పట్నం మీద బాంబులు పడతాయని సగం వీధి ఖాళీ చేసి వెళ్లిపోయినప్పుడు, ఒంటరిగా ఉండి, భయం వేసి, రోజూ సాయంత్రం ఆయన చెప్పులు గుమ్మంలో పెట్టేదాన్ని. ఆ సంగతి రాశాను. తరవాత వచ్చిన జాబుల్లో ఆయన దాని ఊసే ఎత్తలేదు. ఆ జాబు అందలేదనే ఇన్నేళ్లూ అనుకున్నాను.

"అన్న ఇంకా ఏం చెప్పినాడు?" అన్నాను.

"ఒకరోజు పైనించి బాంబులేస్తా ఉంటే, మా ఆయన లారీ కింద దూరి నన్ను పిల్చి పిల్చి ఏడ్చినాడంట. ఆ రొదతో ఎడం చెవి వినపడకుండా పోయిందంట."

"మీ ఆయన పటాలంలో లారీ తోలేవాడా?"

"లేదక్కా, రోడ్లేసే కంపెనీలో మట్టి పని."

మా వారికి ఎడం చెవి వినపడదు. చెవిలో నీళ్లు పోయాయని మాత్రం నాతో అన్నారు. నేను ఏడేళ్లుగా ఆయనకు కుడివైపు నిలబడి మాట్లాడుతున్నాను.

ఆమెకు ఏమీ చెప్పలేదు. మూట విప్పి గుడ్డ ఇచ్చాను, గంజి కాచి తాగించాను, వచ్చేశాను. రైల్లో కూర్చున్నాక గాని నాలో ఎంత మంట ఉందో తెలియలేదు. నా జాబును తీసుకెళ్లి ఇంకొకరి గుమ్మంలో పెట్టారు ఆయన. నన్ను తలుచుకుని కార్చిన కన్నీళ్లు ఇంకొకావిడకు ఇచ్చేశారు. ఆమె వాటితో బతుకుతోంది. పోనీ అవి నావని చెప్పి తిరిగి తీసుకుందామంటే ఆమెకు ఏం మిగులుతుంది?

మర్నాడు పొద్దున ఆయన గడ్డం గీసుకుంటుంటే కుడివైపు నిలబడి అన్నాను. "చెప్పులు గుమ్మంలో పెట్టింది నేను గదా."

కత్తి ఆగింది. అద్దంలో నావైపు చూడలేదు. కత్తి కింద పెట్టి చెప్పారు.

"ఆ పిల్ల వాళ్లాయన నా లారీలో రెండు దినాలు వచ్చినాడు. పాట పాడతా వచ్చినాడు. తరవాత ఆడెక్కడో దిగిపొయినాడు. నాకు తెలిసింది అంతే. ఆ పిల్ల దాన్ని ఒక్క పూటలో వినేసింది. మళ్లీ వారం వచ్చి ఇంకా చెప్పన్నా అనింది. లేదు పొమ్మనేదానికి నోరు రాలేదు. నా దగ్గర ఉన్నింది ఇచ్చినాను."

"నాకెందుకు ఇయ్యలేదు?"

"ఆ పిల్లకి చెప్పేటప్పుడు అది వాళ్లాయన కథ. నీకు చెప్పాలంటే నాదని చెప్పాల. లారీ కింద దూరి ఏడ్చినోణ్ణి నేనని నీ మొకం చూసి ఎట్లా చెప్పేది?"

"ఇప్పుడు తెలిసిపోయింది గదా. చెప్పండి."

"ఆ రోజు..." అని మొదలుపెట్టారు. ఎదురుచూశాను. చెంప మీద సబ్బు ఎండిపోయింది. ఆయన మొహం కడుక్కుని, సగం గడ్డంతోనే పనికి వెళ్లిపోయారు.

ఆ తరవాత కొన్ని నెలలకు వేలూరులో ఒక ఆస్పత్రి కుట్టుగదికి మనుషులు కావాలని సంఘానికి కబురు వచ్చింది. ఉండడానికి గది కూడా ఇస్తారు. ఆమె పేరు చెప్పింది నేనే, సిఫారసు ఉత్తరం రాసింది నేనే. తిన్నగా కుడుతుందని, ఓపిక గల మనిషని రాశాను. అందులో అబద్ధం లేదు. సంఘం పెద్దలు నన్ను మెచ్చుకుని పూలదండ వేశారు. తోబుట్టువులా చూసుకుందన్నారు. ఆమె వెళ్లిపోతే మా వారి మాటలన్నీ నా వైపు తిరుగుతాయన్న ఆశతోనే రాశానని ఆ దండ వేసుకున్నప్పుడు నాకు తెలుసు.

ఆమె వెళ్లేముందు చివరి ఆదివారం, అందరూ భోజనాలకు లేచాక ఆమెను నా దగ్గర కూర్చోబెట్టుకున్నాను. "అన్న చెప్పినవన్నీ నాకు ఒకసారి చెప్పు," అన్నాను. వింతగా చూసింది గాని ఎందుకని అడగలేదు. చొక్కా అంచు మడిచి కుడుతూ చెప్పింది. పొంగిన వాగు సంగతి అప్పుడు తెలిసింది నాకు. అడవిలో పనసకాయ ఉడికించుకుని తిన్నారని, మిత్రుడొకడు చనిపోతే అతని బూట్లు వేసుకోవాల్సి వచ్చిందని, తిరిగి వచ్చేటప్పుడు ఇల్లు గుర్తు పడతానో లేదోనని భయపడ్డారని చెప్పింది. ప్రతి మాటలోనూ వాళ్లాయన పేరు తీసేసి మా వారిని పెట్టుకుంటూ విన్నాను.

చెప్పి చెప్పి ఆగింది. "ఇంకొకటి ఉండాది. అది మాత్రం చెప్పనక్కా."

"ఎందుకు?"

"అది మా ఇద్దరిది. నన్ను గురించి మా ఆయన అనిన మాట. ఎవురికీ చెప్పను." దారం పళ్లతో తెంపి చొక్కా మడతపెట్టింది.

చెయ్యి పట్టుకుని, అది నీ గురించి అన్నది కాదు, నా గురించి అని చెప్పాలనిపించింది. పెదవి దాకా వచ్చింది. ఇంతలో భోజనాలు అయ్యి జనం లోపలికి వచ్చారు.

ఆమె వేలూరు వెళ్లిపోయింది. ఆదివారాలు ఆయన చంక కర్రలు చేశారు, నేను గలీబులు కుట్టాను. తడిక అవతల నుంచి చిత్రిక చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. నాలుగైదు సార్లు అడిగాను. ఒకసారి పాట పాడిన మనిషి గురించి చెప్పారు, ఆ రెండు రోజుల సంగతే. తనది మాత్రం చెప్పలేదు. ఆయన పోయి ఇప్పటికి చాలా కాలమైంది. మా ఆయన నా గురించి అన్న ఒక మాట వేలూరులో ఒక ఆవిడ దగ్గర ఉంది. ఆమె బతికి ఉందో లేదో కూడా నాకు తెలియదు. కానీ ఆమెను తలుచుకున్నప్పుడల్లా, ఈ వయసులో కూడా, నాకు కుళ్లు పుడుతుంది.