ఒకే తానులో ముక్క

"నీదేంది భాయ్, దేశమంత తిరిగినోనివి!" అంటారు మా ఆఫీసులో. తిరిగాను, కాదనను. బొంబాయి, పూనా, కలకత్తా, మద్రాసు. ఏం చూశావంటారా? పోలీసు ఠాణా వరండాల్లో బెంచీలు చూశాను నాయనా, ఇంకేం చూస్తాను!

పంతొమ్మిది వందల అరవైల్లో మా అన్న బి.ఏ. తప్పాడు. "పాసైతే మిఠాయి పంచుతనంటివి, ఏదీ అన్నా?" అని నలుగురిలో ఎగతాళి చేశాను. మర్నాడు నాంపల్లిలోని మా కిరాయి ఇంట్లోంచి వెళ్లిపోయాడు. నాన్న అప్పటికే లేడు. ఫలానా ఊళ్లో కనబడ్డాడని ఎవరన్నా చాలు, అమ్మ సంచీ సర్దేది. నా నోటిదూల వల్లే పోయాడాయె, రానని చెప్పడానికి నాకు మొహమేదీ? ఇరుగుపొరుగుకు తీర్థయాత్రలని చెప్పేది. ప్రతిచోటా ప్రసాదం కొనుక్కొచ్చి పంచేది.

రెండో ఏడు ఠాణా నుంచి కబురొచ్చింది. నాగపూర్‌లో పట్టాల పక్కన శవం దొరికిందట, చొక్కా కాలరుకు ఆబిడ్స్ దర్జీ పట్టీ ఉందట. మేం చేరేసరికి దహనం చేసేశారు. బట్టలు మాత్రం ఉంచారు.

కానిస్టేబుల్ మూట విప్పాడు. నీలిగీతల చొక్కా. పండక్కి అమ్మ ఒకే తానులోంచి మా ఇద్దరికీ కుట్టించింది. రెండోది నా ఒంటి మీదే ఉంది. బయల్దేరే తొందరలో చేతికందింది తొడుక్కున్నాను, బుద్ధిలేని వెధవని. కానిస్టేబుల్ ఆ చొక్కా వంక చూసి, నా వంక చూశాడు.

"మావోనిది గాదు," అంది అమ్మ.

"అమ్మా, జర మంచిగ చూడు..." అన్నాను.

"గాదంటి గద! గీ గుడ్డ అందరు కొంటరు."

కాదని రాసిన కాగితం మీద వేలిముద్ర వేసింది. సాక్షి సంతకం నేను పెట్టాను. ఆ పాపం నాది.

ఇంటికొచ్చి కమలాపండ్లు పంచింది, దర్శనం మంచిగయిందంది. మర్నాడు నా చొక్కా గిన్నెలవాడికి వేసి స్టీలు గ్లాసు తీసుకుంది. నెల తిరక్కుండానే, "మద్రాసుల చూసిన్రట బిడ్డా, పోదామా?" అంది. టికెట్లు తెచ్చాను. అట్లా ఆరేళ్లు, లేని మనిషి కోసం ఊరూరా ఆమెతో పాటు జనం మొహాల్లోకి చూశాను.

ఆఖరున కాశీ. ఘాటు మెట్ల మీద నాన్నకు పిండం పెట్టి లేవబోతుంటే అమ్మ నా భుజం పట్టుకుంది.

"ఇంకొకటి పెట్టు బిడ్డా."

పెట్టాను. నాన్న పిండం పక్కనే. ఆ తర్వాత అమ్మ ఎక్కడికీ పోదామనలేదు.