రెండో విమానం

మొన్న తిరుపతిలో ఒక పెళ్ళిలో ఫోటోలు తీసే డ్రోన్ తలమీదికి రాగానే అందరూ చేతులూపారు. నేను మాత్రం పందిట్లోకి జరిగిపోయాను.

మా మామ యుద్ధమప్పుడు శత్రువుల ఊళ్ళను విమానంలోంచి ఫోటోలు తీసే వాయుసేన దళంలో పనిచేశాడు. నా చిన్నతనంలో ఆయన ఓసారి సెలవుకొచ్చినప్పుడు, మిద్దెమీద శనక్కాయలు ఎండబోస్తూ అడిగాను.

“అంత పైనుంచి మనం కనపడతామా మామా?”

“మనిషి కనపడడు పాపా, నీడ కనపడతాది. దాన్నిబట్టే యాడ ఏముండాదో కనిపెడతాం.”

“కనిపెట్టినాక?”

“మేం ఫోటో తీసుకోని ఎల్లిపోతాం. బాంబులేసేదానికి ఎనకాల ఇంకో ఇమానం వస్తాది.”

కాసేపటికి రేణిగుంటలో దిగబోతున్న విమానం ఒకటి మా మిద్దె మీదుగా పోయింది. శనక్కాయల మీద నా నీడ నల్లగా పరుచుకుని ఉంది. ఫోటో తీసేశారనుకున్నాను. మెట్ల కిందికి దూరి, రెండో విమానం కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను.

మామ వచ్చి పక్కన కూర్చున్నాడు. “అది మనుషులెక్కే ఇమానంలే, బయపడబాక” అన్నాడు. కానీ నా చెయ్యి పట్టుకున్న ఆయన చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది.

ఆయన నీడలు వెతికిన ఊళ్ళలోనూ మిద్దెలుండేవని, వాటిమీద ఎవరో ఒక పిల్ల ఏదో ఎండబోస్తూ ఉండేదని నాకు చాలా ఏళ్ళకు తట్టింది. ఆయనకు ఆ రోజే, ఆ మెట్ల కిందే తట్టినట్టుంది.