ఎండు చేపల వాసన వేసే డిక్షనరీ

మా చిన్నప్పుడు... సాయంత్రం బడి వదిలే గంట కొట్టే ముందు మాస్టారు మాకు రోజుకో ఇంగ్లీషు మాట చెప్పేవారు.

నౌపడ ఉప్పు మడులు దాటి తూర్పుకి నడిస్తే, సముద్రపొడ్డున మా చేపల పల్లె. తాటాకుల బడి, ఒక్కరే మాస్టారు. విజయనగరం నుంచి వచ్చిన పాతికేళ్ల కుర్రాయన. బడిలోనే ఒక మూల ట్రంకు పెట్టె, చాప వేసుకుని ఉండేవారు. ఆ రోజుల్లో ఐదో తరగతికి ఇంగ్లీషు లేదు. అయినా ఆయనకి ఉండబట్టేది కాదు...

పెట్టెలోంచి ఇటుకంత డిక్షనరీ తీసేవారు. మాట అర్థం, దాని పుట్టుక, దాని వాడుక... ఈ మూడూ చెప్పాకే మమ్మల్ని వదిలేవారు. ఆ పుస్తకం చనిపోయిన వాళ్ల నాన్నగారిదట. మేం ముట్టుకోవాలంటే సబ్బుతో చేతులు కడుక్కుని రావాలి. చేపల వాసనంటే ఆయనకి అస్సలు పడేది కాదు పాపం. చేపల పల్లెకే వేశారు ఆయన్ని.

అరవైల చివర్లో సంగతి. దీపావళి వెళ్లిన వారం అనుకుంటాను. ఆ రోజు మాట 'సైక్లోన్'.

అర్థం చెప్పారు, తుఫాను అని. పుట్టుక చెప్పారు. పూర్వం కలకత్తాలో ఓడల సంగతులు తెలిసిన ఒక దొర ఉండేవాడట. మన సముద్రం మీద వచ్చే తుఫాన్లని పరిశీలించి, గాలి తిన్నగా రాదు, గుండ్రంగా తిరుగుతూ వస్తుందని, గ్రీకు భాషలో పాము చుట్ట అనే మాట నుంచి ఈ పేరు కట్టాడట. ఇంతలో మబ్బు కమ్మేసింది. "వాడుక రేపు చెప్తాను, ఇళ్లకి పొండి" అన్నారు.

నేను ఒక్క పరుగున ఇంటికొచ్చి మామ్మకి చెప్పాను. మా నాన్నని కన్నతల్లి, బడి మొహం చూడని మనిషి. వల బాగుచేసుకుంటూ తలెత్తకుండా వింది.

"పాము సుట్టా... ఆ దొర బాగానే సూసాడు. మరి తోక సంగతి సెప్పాడేటి?"

"తోకేంటి?"

"ఏటీ నేదు. మీయమ్మని బియ్యం మూట కట్టమను. సంద్రం నీళ్ల రంగు బాగునేదు."

నాకు ఉక్రోషమొచ్చింది. మాస్టారి చదువుకి మామ్మ తోకలు తగిలిస్తోందని.

తెల్లారేసరికి ఉత్తరపు గాలి మొదలైంది. పల్లెలో ఉన్న పట్టున అందర్నీ ఉప్పు గొడౌనుకి తరలించారు. ఇటుక గోడలు కదా... మాస్టారు ఒంటి మీద బట్టలతో వచ్చేశారు, పెట్టె బడిలోనే ఉండిపోయింది. ఉప్పు బస్తాల మీద కూర్చున్నాం. పిల్లలం ఉప్పు నాకుతూ, పెద్దవాళ్లు దేవుళ్లకి మొక్కుతూ. పైన రేకులు అదిరిపోతున్నాయి. ఒకరి మాట ఒకరికి వినబడలేదు.

మధ్యాహ్నానికి... ఒక్కసారిగా ఆగిపోయింది. చెవులు దిబ్బెళ్లు పడ్డాయా అన్నంత నిశ్శబ్దం. తలుపు సందులోంచి ఎండ కూడా పడింది.

మాస్టారు లేచారు. "తగ్గిపోయింది. బడి ఇంకా నిలబడే ఉంది, నా పుస్తకం తెచ్చేసుకుంటాను." నేనూ లేచాను, ఆయన వెనకే పోదామని. మా వాళ్లలో మాత్రం ఒక్కరూ కదల్లేదు.

మామ్మ వెళ్లి గడపకి అడ్డంగా కూర్చుంది. "కూకోండి బాబూ."

"అయిపోయింది కదమ్మా."

"ఏటి అయిపోనాది? పాము తలే ఎల్లింది. తోక ఇంకా రానేదు. ఉత్తరం నుంచి కొట్టిన గాలి ఇప్పుడు దచ్చినం నుంచి తిరిగొస్తాది."

"అది మా నాన్నగారి పుస్తకం." ఆయన గడప దాటబోయారు.

మామ్మ ఆయన చెయ్యి పట్టేసుకుంది. చేపలు తోమి తోమి బండబారిన చెయ్యి. "పుస్తకం పోతే పోనాది. రేపు మీయమ్మొచ్చి కొడుకేడని అడిగితే నానేటి సెప్పాల బాబూ?"

మాస్టారు విసురుగా కూలబడ్డారు. నాకు మామ్మ మీద ఒళ్లు మండిపోయింది. చదువుకున్నాయన్ని పదిమందిలో చెయ్యి పట్టి కూర్చోబెట్టడం ఏమిటని.

పావుగంట గడిచిందో లేదో... దక్షిణం నుంచి వచ్చింది. మొదటిదానికంటే పెద్దది. తలుపుకి నలుగురు మగాళ్లు వీపులు ఆనించారు. ఆ సందులోంచే చూశాను, మా బడి కప్పు మొత్తం లేచి మడుల మీదుగా పోయింది.

మాస్టారు తనలో తనే అన్నట్టు, "చుట్ట అని చెప్పింది నేనే కదా" అన్నారు.

మా తాత అలా గాలి ఆగినప్పుడే తెప్ప చూసుకోవడానికి వెళ్లి తిరిగి రాలేదని ఆ సాయంత్రం అమ్మ చెప్పింది. అప్పటిదాకా నాకు తెలియదు. మామ్మని వాటేసుకుని ఏడ్చాను.

మర్నాడు డిక్షనరీ ఉప్పు మడి బురదలో దొరికింది, నాని రొట్టెలా ఉబ్బిపోయి. మామ్మ దాన్ని మంచినీళ్లతో కడిగి, చేపలు ఎండబెట్టే ఇసకలో పరిచి, ఒక్కో కాగితం తిరగేస్తూ, కాకుల్ని తోలుతూ నాలుగు రోజులు ఎండబెట్టింది. అట్టలు వంకర్లు పోయాయి. వాసన మాత్రం జన్మకి వదల్లేదు. మాస్టారు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని నవ్వారు. మళ్లీ మమ్మల్ని చేతులు కడుక్కోమనలేదు.

కప్పు లేని బడి మళ్లీ తెరిచిన రోజు, మాస్టారు తనే వెళ్లి మామ్మని తీసుకొచ్చి మా ముందు నిలబెట్టారు. "సైక్లోన్‌కి వాడుక చెప్పడం మిగిలిపోయింది. ఈవిడ చెప్తారు."

మామ్మ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గాలి ఆగిపోనాదని తలుపు తియ్యకండి పిల్లల్లారా. రెండోపాలి వచ్చి ఎల్లినాక తియ్యండి. ఇంతే, ఇంకేటి సెప్పాల?"

ఇప్పుడు తుఫానుకి పేరుంటుంది... ఎప్పుడు వస్తుందో, ఎక్కడ తీరం దాటుతుందో నాలుగు రోజుల ముందే ఫోన్‌లో తెలుస్తుంది. ఎన్నో ప్రాణాలు నిలబడుతున్నాయి, సంతోషం. కానీ నీళ్ల రంగు చూసి బియ్యం మూట కట్టమనే మనుషులు మా ఒడ్డున ఇక కనబడరు. మీ ఇళ్లలోనూ అలాంటి పెద్దవాళ్లు ఉండే ఉంటారు... వాళ్లు నేర్పిన మాట ఒక్కటైనా ఇక్కడ రాయండి, చదువుకుంటాను.

మొన్న మా మనవరాలు సైక్లోన్ అంటే ఏమిటని ఫోన్‌ని అడిగింది. ఫోన్ అర్థం చెప్పింది, పుట్టుక కూడా చెప్పింది. వాడుక మాత్రం పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని నేను చెప్పాను.