పక్కింటి కప్పెక్కిన పన్ను

మొన్న సెప్టెంబరులో, ఇక్కడ ఐర్లండ్‌లో, మా పక్కింటి నూలా గారు తన సన్‌రూములో చర్చి ఫాదర్ గారికి టీ పోస్తుండగా అద్దాల కప్పు మీద పేడముద్ద ఒకటి వచ్చి పడింది. నిమ్మకాయంత ఉంటుంది. పడి, కొంచెం జారి, అక్కడే అంటుకుంది. ఫాదర్ గారు తలెత్తి చూసి, ములింగార్‌లో ఇంత పెద్ద పక్షులున్నాయని తనకి తెలియదన్నారట. నూలా గారు బిస్కెట్ల ప్లేటు ఆయన వైపు జరిపి, కళ్ళజోడు పెట్టుకుని కిందనుంచి పరీక్షగా చూస్తే ముద్దలో ఒక పన్ను కనిపించిందట. మనిషి పన్ను.

పన్ను మా అమ్మాయి ధరణిది. పేడ కాలవ గట్టు అవతల మేసే ఆవుది. విసిరిన చెయ్యి లీలారాణి పిన్నిగారిది. పేడ కలిపిన గిన్నె మాది.

పిన్నిగారంటే మాకు చుట్టమేం కాదు. మండపేట వైపు మనిషి. కొడుకు దగ్గరికని వచ్చి, ఊరికే కూర్చుంటే కాళ్ళు పట్టేస్తున్నాయని ఇక్కడ ముసలివాళ్ళని చూసుకునే నర్సింగ్ హోములో చేరారు. పొద్దుటి డ్యూటీ అయ్యాక ధరణిని బడి నుంచి తీసుకొచ్చి, మా ఆవిడ ఐశ్వర్య తను పనిచేసే ఆసుపత్రి నుంచో, నేను డబ్లిన్ శాండీఫోర్డ్‌లోని ఆఫీసు నుంచో ఇల్లు చేరేదాకా మా ఇంట్లోనే ఉంటారు. ధరణికి అమ్మమ్మ, నాకు పిన్నిగారు, మా వంటింటికి కలెక్టరు.

ఆవిడ ఉద్యోగంలో సగం పళ్ళతోనే సరిపోతుంది. పొద్దున్నే గదిగదికీ వెళ్ళి, గ్లాసుల్లో నానేసిన కట్టుడు పళ్ళు తీసి, తోమి, ఎవరివి వాళ్ళకి పెట్టాలి. వాటి సందుల్లో ఇరుక్కున్న నిన్నటి ఓట్స్ జావ రంగు, జిగట, వాసన అన్నీ నేను ఇడ్లీ తినేటప్పుడు చెబుతారు. ఒకసారి ఒకాయన పళ్ళు పొరపాటున ఇంకొకాయనకి పెడితే సాయంత్రం దాకా ఇద్దరూ హాయిగా నమిలారట. అది విన్న రోజు నేను కొబ్బరి పచ్చడి పక్కకి నెట్టేశాను.

అలాంటి మనిషికి ఇంట్లో మాత్రం ఎంగిలి గిట్టదు. గ్లాసు పెదవికి తగిలిందా, ఎంగిలి. గరిటె రుచి చూసి మళ్ళీ కూరలో పెట్టామా, కూరంతా ఎంగిలి. ధరణి కొరికిన యాపిల్ ఫ్రిజ్‌లో పెడితే ఆ ఫ్రిజ్జే ఎంగిలి. మరి ఆ ముసలాళ్ళ పళ్ళో అని ఒకసారి అడిగాను.

"అది డ్యూటీ బాబూ. డ్యూటీకి ఎంగిలేంటండి?" అన్నారు.

ఇక పన్ను సంగతి. ధరణి క్లాసులో అందరికీ పళ్ళు ఊడాయి, దీనికి తప్ప. ఊడిన ప్రతివాళ్ళూ పన్ను దిండు కింద పెట్టుకోవడం, టూత్ ఫెయిరీ అనే రెక్కల పిల్ల వచ్చి అది పట్టుకుపోయి నాణెం పెట్టడం, పొద్దున్నే ఆ నాణెం బడికి తెచ్చి ఊరేగించడం. ఎవరెవరి నాణేలో చూసి చూసి మా పిల్ల మొహం చిన్నబోయింది. అన్నం తింటూ, మాట్లాడుతూ, టీవీ చూస్తూ నాలుకతో ముందుపన్ను నెట్టడం మొదలుపెట్టింది. అది ముందుకి వాలేది, వెనక్కి వాలేది, చివరికి ఒక్క చర్మప్పోగు మీద తలుపు గొళ్ళెంలా ఊగేది. నేను గోడవైపు తిరిగి భోంచెయ్యడం అలవాటు చేసుకున్నాను.

ఒక మధ్యాహ్నం అది యాపిల్‌లో ఉండిపోయింది. ఆ రోజు నేను ఇంటి నుంచే పని. మీటింగు మధ్యలో ధరణి పరుగున వచ్చి కీబోర్డు మీద పెట్టింది. కొరికిన యాపిల్ ముక్క, అందులో పన్ను, పన్నుకి ఎర్రగా ఏదో, వీటన్నిటినీ కలుపుతూ దాని నోటి దాకా సాగిన చొంగ. కెమెరా కట్టేశాను గానీ అప్పటికే అటువైపు ఎవరో తింటున్న శాండ్‌విచ్ కింద పెట్టేశారు.

టూత్ ఫెయిరీ వస్తుందని ధరణి గంతులేస్తూ చెబితే పిన్నిగారు మెచ్చుకున్నారు. ఫెయిరీ అయితే నీచు బాగా పోతుందన్నారు. ఈ దేశంలో ఫెయిరీ అంటే ఆవిడకి తెలిసింది సింకు పక్కనుండే గిన్నెలు తోమే సబ్బు సీసా. ఆ సబ్బు వేసి, పన్నుని నురగొచ్చేలా తోమి, వేణ్ణీళ్ళలో కడిగి, టిష్యూలో చుట్టి ఇచ్చారు కూడా. ధరణి అది పట్టుకుని మేడమెట్లు ఎక్కబోయింది. ఎక్కడికే అని పిన్నిగారు అడిగితే, దిండు కిందికని ఇంగ్లీషులో చెప్పింది.

ఎన్ని నోళ్ళలో చెయ్యి పెట్టినా మారని పిన్నిగారి మొహం అప్పుడు మారింది. "దిండు కిందా? పడుకునే పక్కలో, ఎంగిలి పన్నా?"

నేను ఫెయిరీ కథంతా వివరించాను. ఆవిడ ముక్కు మీద చెయ్యి వేసుకుని విని, ఊళ్ళోవాళ్ళ పళ్ళన్నీ ఏరుకుని అది ఏం చేసుకుంటుందని అడిగారు. నాకు తెలియదు. ధరణికి తెలుసు. వాటితో కోట కట్టుకుంటుందట.

"పళ్ళతో ఇల్లా? ఛీ. అందులో కూర్చుని అన్నం ఎలా తింటాదే అది?"

మన పద్ధతి చెయ్యాల్సిందే అన్నారు. ఊడిన పన్ను పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరితే కొత్తపన్ను తిన్నగా దిగుతుంది. నా చిన్నప్పుడు నాకూ విసిరారు. పిన్నిగారికి విసరలేదు. ఆవిడ తన మొదటి పన్ను జంతికతో పాటు మింగేశారు. ఆ తరవాత వచ్చినవి ఎత్తుగా, బస్సెక్కే జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. వాళ్ళమ్మ బతికున్నంతకాలం ఆ జంతికని తిట్టిందట. ఇప్పటికీ నవ్వొస్తే పిన్నిగారి అరచెయ్యి ముందు లేస్తుంది, నవ్వు తరవాత వస్తుంది. కోవిడ్ రోజుల్లో మాస్కు వెనక నవ్వినంత హాయిగా ఎన్నడూ నవ్వలేదని ఆవిడే ఒకసారి చెప్పారు. అందుకని నేను వేళాకోళం చెయ్యబోయి మానుకున్నాను.

"పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాలి శ్రీధర్ బాబూ," అన్నారు, ధరణికి వినపడకుండా.

పేడంటే ఏమిటో తెలిశాక ధరణి వాంతి చేసుకుంటున్నట్టు నటించింది. సగం నటన కాదనుకుంటాను. గడ్డి తినే ఆవుది, దానికేం, ఎంగిలికంటే నయమని పిన్నిగారు సర్దిచెప్పారు. మరి ఆవు నెమరేసేది ఎంగిలి కాదా అని నాకు నోటిదాకా వచ్చింది గానీ, ఇద్దరూ నా తీర్పు కోసం చూస్తున్నారని గ్రహించి, ఇద్దరికీ విడివిడిగా సరేనన్నాను. చివరికి ధరణే దారి కనిపెట్టింది. ఫెయిరీకి రెక్కలున్నాయి కదా, కప్పు మీద ఉన్నా తీసుకోగలదు. తన షరతు ఒకటే, నాణెం రావాలి. దానికేం, కప్పయితే దానికి దారిలోనే పడుతుంది, పక్కలోకి రావక్కర్లేదని పిన్నిగారు వెంటనే ఒప్పేసుకున్నారు.

డ్యూటీ గ్లవ్స్ తొడుక్కుని, శాండ్‌విచ్ కవరు పట్టుకుని కాలవ గట్టుకి వెళ్ళొచ్చారు. వచ్చి, ఇక్కడి పేడకి పస లేదని పెదవి విరిచారు. వానకి తడిసిన గడ్డి తిని తిని ఆవులు జావలా వేస్తున్నాయట, ముద్ద నిలవదట. కాసేపటికి కాఫీ కోసం వంటింట్లోకి వెళ్తే ప్రెస్సు తలుపులు తీసి ఉన్నాయి. అల్మరాని ఇక్కడ ప్రెస్సంటారు. అందులోంచి మా చపాతీపిండి గిన్నె దిగింది. గిన్నెలో పేడ, పేడ మీద గోధుమపిండి, పిండిలో పిన్నిగారి పిడికిళ్ళు. గోరువెచ్చగా, పులిసిన గడ్డి వాసన. వేళ్ళ మధ్య నుంచి పచ్చగా ఉబికి వస్తుంటే మడిచి మళ్ళీ నొక్కుతున్నారు, అచ్చం చపాతీకి పిసికినట్టే. ఏదో ఒకటి మాట్లాడాలని, కొంచెం నూనె కావాలా అని అడిగాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, వద్దులెండి అన్నారు.

మా కప్పు పెంకుటింటి కప్పు కాదు. నిట్టనిలువు, వానకి నున్నన. మొదటిసారి విసిరిన ముద్ద జారి పిన్నిగారి కాళ్ళ దగ్గరే పడింది. తీసి, అంటుకున్న గడ్డి దులిపి, నలిపి గుండ్రంగా చేసి, ఈసారి బలంగా విసిరారు. అది కప్పు అంచుకి తగిలి, పక్కకి దూకి, గోడ దాటింది. ఆ తరవాతే ఫాదర్ గారు తలెత్తి చూశారు.

నేను నిచ్చెన, నీళ్ళ పైపు తీసుకుని నూలా గారింటికి వెళ్ళాను. పేడ ఒట్టిదైతే పోయేదే. గోధుమపిండి కలిసింది కదా, సినిమా పోస్టరు అంటించినట్టు పట్టుకుంది. నీళ్ళు కొట్టిన కొద్దీ అద్దమంతా పచ్చటి జావ పాకింది. దాని కింద ఫాదర్ గారు టీకప్పు ఎత్తి నన్ను పలకరించారు, నేనూ చెయ్యి ఊపాను. చివరికి ముద్ద పెళ్ళగా ఊడి, పన్నుతో సహా తూములోకి కొట్టుకుపోయింది.

ధరణి గోడ మీంచి చూస్తూనే ఉంది. ఏడవలేదు. ఫెయిరీ ఇప్పుడు నూలా ఇంటికి వెళుతుందని, నాణెం ఆవిడకిస్తుందని, తనని అందరూ అబద్ధాలకోరు అంటారని చాలా నెమ్మదిగా చెప్పి లోపలికి పోయింది. పిన్నిగారి చెయ్యి నోటికి అడ్డంగా వెళ్ళింది. అప్పుడు ఆవిడ నవ్వడం లేదు.

తరవాత ఆవిడ గోడ దగ్గర నిలబడి నూలా గారితో చాలాసేపు మాట్లాడారు. ఆవిడ ఇంగ్లీషు ఈవిడకి, ఈవిడ ఇంగ్లీషు ఆవిడకి ఎంత అర్థమైందో నేను చెప్పలేను.

మర్నాడు పొద్దున్నే నూలా గారు తలుపు కొట్టారు. గుడ్డు పెట్టుకునే చిన్న కప్పులో ఒక నాణెం. అడ్రసు తెలియక ఆ ఫెయిరీ పిల్ల మా కిటికీ దగ్గరికొచ్చింది పాపం, మీ అమ్మాయికిమ్మని ఇచ్చి వెళ్ళింది, మనిషి మాత్రం గ్రాండ్ అని ధరణికి చెప్పారు, నవ్వకుండా. ధరణి చెయ్యి చాపింది. ఈలోగా, ఆ రోజు డ్యూటీ లేక బడికి దింపడానికొచ్చిన పిన్నిగారు మధ్యలో నాణెం అందుకుని సింకు దగ్గరికి నడిచారు. ఎన్ని నోళ్ళ పళ్ళు పట్టుకున్న చెయ్యో అంటూ ఫెయిరీ వేసి రెండువైపులా తోమి, తుడిచి, అప్పుడిచ్చారు. ఆ రోజు బడిలో అందరి నాణేలూ వెలవెలబోయాయట. ఫెయిరీతో మాట్లాడిన మనిషి పక్కింట్లో ఉన్నది ధరణి ఒక్కదానికే మరి.

గిన్నెని నేను చెత్తడబ్బాలో వేశాను. పిన్నిగారు తీసి, మరిగే నీళ్ళూ పసుపూ పోసి కడిగి ప్రెస్సులో పెట్టేశారు. నేను కొత్తది కొన్నాను. ఆవిడ పాతదాంట్లోనే పిండి కలుపుతారు. మా ఇంట్లో ఇప్పుడు నేను బ్రెడ్ ఎక్కువ తింటాను.

క్రిస్మస్ ముందు నూలా గారు కొత్త కట్టుడు పళ్ళు పెట్టించుకున్నారు. పిన్నిగారు గోడ మీంచి ఆవిడ నోరు తెరిపించి చూసి, వరస తీరిందని, ఎక్కడా వంకర లేదని మెచ్చుకున్నారు. అదే వారం ధరణి కొత్తపన్ను బయటికొచ్చింది. పక్కదాని మీదికి వాలి, వీధిలోకి తొంగిచూస్తున్నట్టు వంకరగా.

పిన్నిగారు చపాతీకి పిండి కలుపుతున్నారు, ఆ గిన్నెలోనే. ధరణి స్టూలెక్కి, ఆవిడ మొహంలో మొహం పెట్టి నోరు తెరిచింది. దిండు కింద పెట్టనివ్వలేదు, పేడలో పెట్టావు, కప్పు మీదికి విసిరావు, అయినా ఇది నీ పన్నులాగే ఎందుకొచ్చిందని నిలదీసింది. పిన్నిగారికి నవ్వాగలేదు. చెయ్యి లేచింది గానీ, చెయ్యంతా పిండి, సగం దారిలో ఆగిపోయింది.

"మరి ఎక్కింది నూలా కప్పు కదే పిచ్చిపిల్లా, తిన్నని పళ్ళన్నీ ఆవిడకొచ్చాయి."