నేపుల్స్‌లో తాడుందా?

మా చర్చిలో ఇటలీ మాట ఎవరెత్తినా అందరూ నావైపే చూస్తారు. పెళ్ళి భోజనాల్లో, ఆదివారం ఆరాధన అయ్యాక టీ తాగేటప్పుడు, ఆఖరికి ఒక సమాధి కార్యక్రమం నుంచి తిరిగొస్తూ కూడా నన్ను ఇటలీ గురించి అడిగినవాళ్ళున్నారు. నేను ఓడ మనిషిని. ఇరవై ఏళ్ళకు పైగా సరుకు ఓడల్లో పనిచేశాను, అందులో చాలా ఏళ్ళు మధ్యధరా సముద్రం మీదే. జెనోవా, లా స్పెజియా, సాలెర్నో, నేపుల్స్ అంటూ ఆ ఊళ్ళ పేర్లను రంగూన్‌లోని మా పజుండౌంగ్ పేట వీధుల పేర్లలా పలుకుతాను. నాకు చేతనైనది ఆ పలకడమొక్కటే. ఆ ఊళ్ళలో ఒక్కదాని నేల మీద కూడా నేను కాలు పెట్టలేదు.

ఓడ రేవులో ఆగితే పైనున్నవాళ్ళకు తెరిపి, కిందున్నవాళ్ళకు పని. నేను కింద, ఇంజను గదిలో ఉండేవాణ్ణి. నడిసముద్రంలో ఇంజను విప్పడం కుదరదు. రేవులో కట్టగానే విప్పుతారు. సరుకు దించడం పూర్తయ్యేలోపు శుభ్రం చేసి మళ్ళీ బిగించాలి. వంటవాడూ, డెక్ మీద పనిచేసేవాళ్ళూ ఊళ్ళోకి వెళ్ళొచ్చి భోజనాల దగ్గర కథలు చెప్పేవాళ్ళు. నేను చేతుల నూనె తుడుచుకుంటూ వినేవాణ్ణి. సిగరెట్ కోసం పైకొచ్చినప్పుడు క్రేన్ల సందుల్లోంచి కొండ మీద ఇళ్ళు, వాటి మధ్య ఆరేసిన బట్టలు కనిపించేవి. నేను చూసిన ఇటలీ అంతే.

సెలవుకు ఇంటికొచ్చాక మాత్రం వంటవాడు తిన్న చేపను నేను తిన్నట్టు, డెక్‌వాళ్ళు ఎక్కిన రైలును నేను ఎక్కినట్టు చెప్పేవాణ్ణి. మొదటిసారి ఎందుకు చెప్పానంటే, నా భార్య అడిగింది కాబట్టి. ఆమె మా మేనత్త కూతురు, చిన్నప్పట్నుంచీ నన్ను బావా అనే పిలుస్తుంది. "ఇన్నాళ్ళు ఏటి సూసినావు బావా?" అని అంత ఆశగా అడిగితే, పిస్టన్ చూశానని ఎలా చెప్పను? రెండోసారి, మూడోసారి ఎందుకు చెప్పానో నాకిప్పటికీ సరిగ్గా తెలియదు. ఓడ పని మానేశాక అక్కడికి తీసుకెళ్తానని కూడా అనేశాను. ఆమె పాస్‌పోర్టు చేయించుకుని బీరువాలో చీరల మధ్య పెట్టుకుంది.

సైన్యం అధికారం తీసుకున్న ఏడాది నేను ఇంట్లోనే ఉన్నాను. విమానాలు లేవు. నా ఓడ నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. మా వీధి మొదట్లో కుర్రాళ్ళు ఇసుక బస్తాలు అడ్డం పెట్టారు, సైనికులు తీసేశారు, కుర్రాళ్ళు మళ్ళీ పెట్టారు. ఆ కుర్రాళ్ళలో ఇద్దరు ఇంకా ఇంటికి రాలేదు. రోజూ సాయంత్రం ఎనిమిదింటికి ఊరంతా గిన్నెలూ మూకుళ్ళూ మోగేవి. ఇంట్లోంచి దెయ్యాన్ని వెళ్ళగొట్టడానికి బర్మావాళ్ళు అలా మోగిస్తారు. మా అత్త బాల్కనీలో నిలబడి ఇడ్లీ గిన్నె మూతను గరిటెతో సొట్టలు పడేలా కొట్టేది.

"దెయ్యాల్లేవని పాస్టరుగారు చెప్పారు కదత్తా," అన్నాను ఒకసారి.

"దెయ్యాలు లేకపోతే లేకపోనీ. గిన్నె ఉన్నాది కదా," అంది.

తర్వాత ఫోన్లలో ఇంటర్నెట్ తీసేశారు. ఆ తర్వాత కరోనా జ్వరం మా మేడ ఎక్కింది. మా ఇంట్లో నా భార్యకు వచ్చింది. ఆమెను వెనక గదిలో పెట్టి తలుపు వేశాం. మా ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ముందు గదిలో అత్త, వెనక గదిలో ఆమె, మధ్యలో వంటకు నేను. గదుల మధ్య చెక్క గోడలు కప్పుదాకా ఉండవు. ఒకరు తుమ్మితే ఎవరు తుమ్మారో మిగతా ఇద్దరికీ తెలిసిపోతుంది.

కిందికి దిగే పని లేదు. రంగూన్‌లో మేడలన్నిటికీ ఉన్నట్టే మా బాల్కనీ నుంచి కూడా వీధిదాకా ఒక తాడు వేలాడుతుంది. చివర పెద్ద క్లిప్పు, పైన చిన్న గంట. కూరగాయలావిడ సంచీని క్లిప్పుకు తగిలించి తాడు లాగితే గంట మోగుతుంది, అత్త పైకి చేదుకుంటుంది. మోకాళ్ళు పట్టేసినప్పట్నుంచి అత్తకు లోకంతో ఉన్న సంబంధం ఆ తాడే.

జ్వరం వచ్చిన మూడో రోజో నాలుగో రోజో గోడ మీదుగా నా భార్య గొంతు వినిపించింది.

"బావా, ఇటలీలో సాప ఎక్కడ పరుద్దుం?"

ఇది కాస్త వివరించాలి. మా చర్చి ఆడవాళ్ళ విహారయాత్రలన్నీ ఆమె చేతి మీదుగానే జరుగుతాయి. నది అవతలి దలా అయినా, ఇంకో ఊరైనా పద్ధతి ఒకటే. ముందు చాప ఎక్కడ పరవాలో తేల్చాలి. అన్నం గిన్నెలూ, ముసలివాళ్ళూ, చెప్పులూ చాప దగ్గర ఉంటాయి. కాళ్ళున్నవాళ్ళు అక్కణ్ణుంచి నలువైపులా వెళ్ళి చూసి, చీకటి పడకముందే చాప దగ్గరికి రావాలి. ఏం చూడాలన్నది తర్వాతి మాట.

"లా స్పెజియాలో," అన్నాను. "అక్కడ బస చేస్తే సముద్రం ఒడ్డున అయిదు చిన్న ఊళ్ళున్నాయి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రైల్లో కొద్ది నిమిషాలే. కిటికీలోంచి దారంతా సముద్రమే."

"సముద్రం ఒడ్డుకెల్లి, సముద్రం సూడ్డానికి మల్లీ రైలేటి?" అంది ముందు గదిలోంచి అత్త. ఈ ప్రయాణానికి ఆమె కూడా వస్తోందని నాకప్పుడే తెలిసింది.

"పోనీ సాలెర్నో. అక్కణ్ణుంచి అన్ని ఊళ్ళకూ పడవలే."

"మన దలా పడవలాటిదేనా? కోళ్ళనెక్కనిత్తారా?"

"ఎక్కనివ్వరత్తా."

"మరి ఆళ్ళ కోళ్ళు బజారుకెలాగొత్తాయి?"

నా భార్య నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక, "ఆకరి పడవ ఎప్పుడు? అది తప్పిపోతే రాతిరి ఎక్కడుంటాం?" అని అడిగింది. నాకు తెలిసినట్టే ఏదో ఒక సమయం చెప్పాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఫోన్లలో ఇంటర్నెట్ లేక ఊరంతా పిల్లల ఆచూకీ తెలియక అల్లాడుతుంటే, నేను లోపల్లోపల ఊపిరి పీల్చుకున్నాను. ఇంటర్నెట్ లేదు కాబట్టి నా మాటే ఇటలీ.

అలా కొన్ని రోజులు గడిచాయి. పొద్దున లా స్పెజియా, సాయంత్రం సాలెర్నో. ఆక్సిజన్ సిలిండర్ల కోసం వీధుల్లో జనం వరసలు కట్టిన రోజులవి. ఆమెకు అంతదాకా రాలేదు గానీ, రావచ్చునని ముగ్గురికీ తెలుసు, ముగ్గురం ఆ మాట ఎత్తలేదు. ఆ గదిలో ఆమెకున్నవి ఒక మంచం, ఒక కిటికీ, ఈ ప్రయాణం. ఆ ప్రయాణంలో ఆమె నమ్ముకున్నది నన్ను.

ఒకరోజు అత్త అసలు ప్రశ్న అడిగింది. "బస ఎన్నో అంతస్తు?"

"అక్కడ ఇళ్ళన్నీ పాతవత్తా. మూడో నాలుగో ఉంటుంది."

"తాడుందా?"

లేదంటే అత్త ప్రయాణం ఆగిపోతుంది. క్రేన్ల సందుల్లోంచి చూసిన బట్టల తాళ్ళు గుర్తొచ్చాయి. బట్టలకు తాడున్న ఊళ్ళో సరుకుకు తాడుండదా అనుకున్నాను.

"నేపుల్స్‌లో ఉంది," అన్నాను. "బుట్ట కట్టి దింపుతారు."

"గంటో?"

"గంట ఉండదు. అరుస్తారు."

"అరవడం మనకి రాదేటి? అయితే నేపుల్స్‌లోనే సాప పరిసేద్దుం," అంది అత్త. నా భార్య కూడా ఒప్పుకుంది. నేపుల్స్ నుంచి దీవులకు పడవలున్నాయని, అగ్నిపర్వతం వైపు రైలుందని నేనే కదా చెప్పాను. ఆ సాయంత్రం నాకు నా తెలివి మీద చాలా గౌరవం కలిగింది. అది గంటసేపు కూడా నిలవలేదు.

"బావా, నేపుల్స్‌లో ఒంటికి ఎక్కడికెల్నావు?"

"ఏమిటి?"

"పొద్దున్న ఓడ దిగి, సందేళ దాకా తిరిగినానన్నావు కదా. ఎక్కడో ఒకకాడ ఒంటికెల్లుంటావు. అమ్మకి సెక్కర రోగం, నాకేమో నీళ్ళు ఆగవు. ముందది సెప్పు."

ఆమె విహారయాత్రల్లో మొదటి నియమం అదే. మరుగుదొడ్డి తెలియని చోటికి ఆడవాళ్ళను తీసుకెళ్ళదు. ఇన్నేళ్ళ నా కథల్లో చేపలున్నాయి, నిమ్మతోటలున్నాయి, చర్చి గంటలున్నాయి. మరుగుదొడ్డి ఒక్కటీ లేదు. ఏదో ఒక చోటు చెప్పేయొచ్చు. కానీ మా అత్త మోకాళ్ళతో, చక్కెర జబ్బుతో, ఎండలో, నేను కల్పించిన మరుగుదొడ్డి కోసం నడుస్తున్నట్టు నాకు కనిపించింది. సరిగ్గా అప్పుడే ఎనిమిదయింది. ఊరంతా గిన్నెలు మోగాయి. అత్త మూత పట్టుకుని కుంటుకుంటూ బాల్కనీలోకి వెళ్ళింది. నేను కూడా ఒక మూకుడు తీసుకుని నా జన్మలో ఎప్పుడూ కొట్టనంత గట్టిగా కొట్టాను.

మర్నాడు పొద్దున గంజి తలుపు దగ్గర పెట్టి, అక్కడే నేల మీద కూర్చున్నాను.

"నేను ఒంటికెళ్ళలేదు," అన్నాను. "అసలు ఊళ్ళోకే వెళ్ళలేదు."

"నేపుల్స్‌లోకా?"

"ఏ ఊళ్ళోకీ."

"రైలు?"

"డెక్‌వాళ్ళు ఎక్కారు."

"నిమ్మకాయల తోట?"

"వంటవాడు చూశాడు."

"ఇటలీ నుంచి నాకు తెచ్చిన సబ్బో?" అంది. ఆ సబ్బు ఆమె ఒక్కసారైనా వాడలేదు. కాగితం విప్పకుండా పాస్‌పోర్టు పక్కనే చీరల మధ్య దాచుకుంది.

"వంటవాడితో తెప్పించాను."

"తాడో?" అంది ముందు గదిలోంచి అత్త.

"తాడు నేనే కల్పించానత్తా."

"తాడు కూడానా," అంది అత్త. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

నా భార్య కూడా మాట్లాడలేదు. నీళ్ళు, చాలు, వద్దు. మూడు ముక్కలు. గిన్నెలు సగం తిన్నవి తిరిగొచ్చేవి. నేను ఆమె మంచం కింద నుంచి నేలను లాగేసినట్టయింది. ఊరుకోలేక, చెప్పడానికి ఇంకేం లేక, గోడకు ఆనుకుని నేను నిజంగా చూసింది చెప్పడం మొదలుపెట్టాను. ఇంజను గదిలో వేడి ఎలా ఉంటుందో, చెవులకు పెట్టుకున్నవి తీస్తే ఏమవుతుందో, మా చీఫ్ ఇంజనీరు చెమటకు జారిపోతుందని కళ్ళజోడును బూటు లేసుతో కట్టుకునేవాడని. రెండో రోజు ఇంజను సిలిండర్ సంగతికి వచ్చాను. ఇంజను విప్పాక మనిషి అందులోకి దిగి గోడలకు పట్టిన మసి గీకాలి, సన్నగా ఉన్నానని నన్నే దింపేవాళ్ళు అన్నాను.

"మనిసి పడతాడేటి అందులో?" అంది గోడ అవతల.

"కూర్చోవచ్చు. నేపుల్స్‌లో ఉన్నన్నాళ్ళూ నేను కూర్చున్నది అందులోనే."

"బయమెయ్యలేదా?"

"మొదటిసారి ఏడ్చాను."

"ఇన్నేళ్ళూ ఇది సెప్పలేదేటి," అంది. కోపంగా కాదు, వింతగా. ఆ పూట గంజి గిన్నె ఖాళీగా వచ్చింది.

కొన్నాళ్ళకు ఫోన్లలో ఇంటర్నెట్ తిరిగొచ్చింది. జ్వరం అప్పటికి తగ్గుముఖం పట్టింది. ఆమె మంచం మీద పడుకుని ఇటలీని సొంతంగా తనిఖీ చేసింది.

"బావా, మీ డెక్కోళ్ళు కూడా అబద్దాలోళ్ళే. ఆ రైలు దారి సగం కొండల్లోంచే. సీకటి. సముద్రం ఇలా కనపడి అలా పోతాది."

కాసేపటికి ఆమె నవ్వడం వినిపించింది. జ్వరం వచ్చాక దగ్గు లేకుండా నవ్వడం అదే మొదలు.

"అమ్మా, తాడున్నాది."

"ఎక్కడ?" అంది అత్త.

"నేపుల్స్‌లో. ఒక ముసలమ్మ పైనుంచి బుట్ట దింపుతున్నాది. కిందోడు రొట్టెలేసినాడు."

"గంటో?"

"గంట లేదు. అరుత్తున్నాది."

"మావోడు సెప్పినట్టే," అంది అత్త. అంతటితో నా నేరం మాఫీ చేసేసింది. నేను నమ్మలేక ఆ తలుపు దగ్గరే నిలబడిపోయాను. నేను చెప్పినవాటిలో నిజమైనది నేను పూర్తిగా కల్పించినదొక్కటే.

ఆ తర్వాత బస నేపుల్స్‌లోనే అని నా భార్య ఖాయం చేసింది. ఏ దీవికి ఏ పడవ, ఏ రేవులో మెట్లు తక్కువ, ఎక్కడెక్కడ మరుగుదొడ్లు, అన్నీ ఆమే తేల్చింది. క్వారంటైన్‌లో భార్య కోసం ఇటలీ యాత్ర అల్లి ఆమెను బతికించుకున్నానని చర్చిలో నన్ను మెచ్చుకుంటారు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. అందుకే నేను రాయాల్సివచ్చింది. అల్లింది ఆమె. నేను చేసింది చిక్కులు వెయ్యడం.

యాత్ర జరగలేదు. ఆమె పాస్‌పోర్టు గడువు తీరిపోయింది. కొత్తది ఎప్పుడు చేతికొస్తుందో చెప్పగలవాళ్ళు రంగూన్‌లో లేరు. సబ్బు మాత్రం విప్పింది. నిమ్మకాయ వాసన.

మేం ముగ్గురం బయటికి తిరగగలిగాక, ఒకరోజు ఆమె తాడు చివర క్లిప్పు తీసేసి చిన్న బుట్ట కట్టింది. కింద కూరగాయలావిడ తలెత్తి ఇదేమిటని బర్మా భాషలో అడిగింది. మేం నేపుల్స్‌లో దిగామని నా భార్య జవాబిచ్చింది. కూరగాయలావిడ ఏమనుకుందో గానీ బుట్టలో రెండు పచ్చిమిరపకాయలు ఎక్కువేసింది.

నేపుల్స్ నుంచి మొదటి విహారం దలాకు. అత్తను ఇద్దరు సైకా రిక్షావాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దింపారు. పడవలో కోళ్ళున్నాయి. నది మధ్యకు వచ్చాక అత్త నన్ను పిలిచింది.

"ఒరే, దలాలో ఒంటికెక్కడ?"

"రేవు దిగగానే టీకొట్టు వెనక, అత్తా."

నా భార్య నావైపు తిరిగింది. "ఎల్నావా?"

"వెళ్ళాను. చాలాసార్లు."

"సూద్దుం," అంది.